ఇంటి జ్ఞాపకం, ఊరి జ్ఞాపకం

అనంతపురం మెట్టసీమలో కరువు మాట రాని ఇల్లు లేదు. ఏ ఏడు వాన తప్పింది, ఏ ఏడు వేరుశనగ చేను ఎండి పశువుల పాలయింది, ఎవరెవరు ఏ ఊరికి వలస పోయారు అన్నది పెద్దలు వేళ్ల మీద లెక్కించి చెప్తారు. యుద్ధం మాట అడిగితే మాత్రం, అది ఎక్కడో సరిహద్దులో జరిగేది, మనకేమి తెలుసు అంటారు. అయితే మన పొలిమేరల్లో పాతిన రాళ్లను, పెనుకొండ, గుత్తి కోటల గోడలను, కడకు మన సీమ పేరును కొంచెం నిదానించి చూస్తే, ఈ నేల మీద యుద్ధం ఎన్నోసార్లు నడిచి వెళ్లిందని తెలుస్తుంది.

ప్రియ పాఠకులారా, ఈ నెల మేము వ్రాయదలచింది యుద్ధాల చరిత్ర కాదు. యుద్ధం గూర్చిన జ్ఞాపకం మనలో ఎలా నిలుస్తుందన్నదే మా ప్రశ్న. ఒక ఇంటివారు తమలో తాము చెప్పుకొనే జ్ఞాపకం ఒకటి ఉంటుంది. ఊరంతా, దేశమంతా కలిసి చెప్పుకొనేది మరొకటి ఉంటుంది. ఈ రెండూ ఒకదానినొకటి దిద్దుకొంటూ బ్రదుకుతాయి. ఒకటి మూగబోతే రెండవది తప్పుదారి పడుతుంది. దీనికి సాక్ష్యం మన సీమలోనే ఉంది.

పొలిమేరలోని రాయి

మడకశిర ప్రాంతంలోని హేమావతి ఒకప్పుడు హెంజేరు అనే పేరుతో నొలంబ రాజులకు రాజధానిగా ఉండేది. వారు 8వ శతాబ్దం మొదలుకొని 11వ శతాబ్దం వరకు ఈ ప్రాంతాన్ని ఏలారు. వారి కాలంలోనూ, ఆ తరువాతనూ ఈ సీమలో వీరగల్లులు వెలిశాయి. వీరగల్లు అంటే పోరాటంలో చనిపోయినవాని జ్ఞాపకార్థం నిలిపిన రాయి. సాధారణంగా దానిమీద మూడు వరుసల బొమ్మలుంటాయి. క్రింద పోరాటం, మధ్యలో ఆ వీరుని దేవకన్యలు తీసుకొనిపోవడం, పైన అతడు శివలింగం ఎదుట కూర్చుండడం. ఇవన్నీ పెద్ద రాజుల యుద్ధాలకు చెందినవి కావు. ఊరి పశువుల మందను శత్రువులు తోలుకొనిపోతుంటే అడ్డుపడి ప్రాణం విడిచినవారి రాళ్లు ఎన్నో ఉన్నాయి.

చనిపోయినవాని ఇంటివారికి భూమి ఇచ్చే ఆచారం కూడా ఉండేది. కన్నడ శాసనాల్లో దానికి 'నెత్తర గొడగె' అని పేరు. నెత్తుటికి ఇచ్చిన మాన్యమని అర్థం. ఒక ఇంటి దుఃఖాన్ని ఊరు తన దుఃఖంగా ఒప్పుకొని రాయి నిలిపేది. ఆ ఒప్పుకోలే ఆ ఇంటికి రేపటి అన్నమయ్యేది.

కాలం గడిచింది. ఆ ఇంటివారి వంశాలు ఎటు పోయాయో తెలియదు. ఆ లిపి చదవగలవారు ఊళ్లో లేరు. నేడు కొన్నిచోట్ల ఈ రాళ్లకు పసుపు కుంకుమలు పెట్టి దేవతలుగా కొలుస్తారు, కొన్నిచోట్ల అవి చేని గట్ల మీద పడియున్నాయి. రాయి మిగిలింది, మనిషి పేరు పోయింది.

యెహోషువ యొర్దాను దాటిన తరువాత గిల్గాలులో 12 రాళ్లు నిలిపిన సంగతి మన ఆదివార బడి పిల్లలకు కూడా తెలుసు. అక్కడ రాళ్లతో పాటు ఇంకొక ఏర్పాటు ఉంది. ముందు కాలంలో పిల్లలు ఈ రాళ్లేమిటని అడగాలి, పెద్దలు జవాబు చెప్పాలి. అడిగే పిల్లలూ చెప్పే పెద్దలూ లేనిచోట రాయి ఒక్కటే ఏమీ చెప్పలేదు.

తీగ, పందిరి

ఈ విషయాన్ని శాస్త్రంగా ఆలోచించిన వారిలో ఫ్రాన్సు దేశస్థుడు మోరిస్ హాల్బ్‌వాక్స్ ముఖ్యుడు. 1925లో ఆయన ప్రచురించిన గ్రంథంలోని సారాంశాన్ని మన మాటల్లో చెప్పుకొందాం. మనిషి ఒంటరిగా జ్ఞాపకం చేసుకోడు. తన ఇల్లు, తన ఊరు, తన మతసంఘం, తన తోటి పనివారు ఇచ్చిన మాటలలోనే, వారు గుర్తుపెట్టుకొన్న తేదీలూ చోట్లూ ఆధారంగానే జ్ఞాపకం చేసుకొంటాడు.

మన పెరట్లోని బీరతీగను చూడండి. తీగ మన ఇంటి విత్తనం నుండి వచ్చింది. పందిరి లేకుంటే అది నేలమీద ప్రాకి కుళ్లిపోతుంది. పందిరి వేస్తే, పందిరి ఎటు ఉంటే తీగ అటే పోతుంది. జ్ఞాపకం ఇంటిది, దానిని మోసే పందిరి ఊరిది. తీగలు లేని పందిరి ఎండిన కట్టెలే గదా!

హాల్బ్‌వాక్స్ స్వయంగా యుద్ధానికి బలి అయ్యాడు. 1944లో జర్మనీ వారు ఆయనను బంధించారు. 1945 మార్చిలో బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఆయన మరణించాడు. జ్ఞాపకం గూర్చి అంతగా ఆలోచించినవాడు ఈనాడు ఆ శిబిరంలో చనిపోయిన వేలాది మందితో కలిపి జ్ఞాపకం చేసుకోబడుతున్నాడు.

పెనుకొండ చెప్పే సంగతి

పందిరి వంకరగా ఉంటే తీగ ఎలా వంగుతుందో చూడాలంటే పెనుకొండకు రావాలి. 1565 జనవరిలో కృష్ణానది దాపున జరిగిన యుద్ధంలో విజయనగర సైన్యం ఓడింది. అళియ రామరాయలు హతుడయ్యాడు. దానిని తళ్లికోట యుద్ధమనీ, రక్కసగి-తంగడగి యుద్ధమనీ అంటారు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజకుటుంబంతో, ధనంతో హంపీ విడిచి వచ్చి, చివరకు పెనుకొండను రాజధానిగా చేసికొన్నాడు. ఆనాడు ఈ కొండ క్రింద ఎన్ని వేలమంది దిక్కులేక దిగారో ఊహించుకోవచ్చు. వారి ఇండ్ల మాటలేవీ మనకు దక్కలేదు.

దక్కింది రాజుల కథ. ఆ కథను తరువాతివారు చాలామంది రెండు మతాల మధ్య పోరాటంగా చెప్పుకొన్నారు. చరిత్ర అంత సులువుగా లేదు. రామరాయల సైన్యంలో ముస్లిం సేనానులున్నారు. సుల్తానుల కొలువుల్లో హిందువులున్నారు. రామరాయల మీదికి దండెత్తిన నలుగురిలో ఒకడైన గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా, తన యౌవనంలో ఏడేళ్లపాటు ఆ రామరాయల ఆశ్రయంలోనే తలదాచుకొన్నాడు. తెలుగు కవులను ఆదరించి, మల్కిభరాముడని పేరు తెచ్చుకొన్నాడు. పెనుకొండలో ఈనాటికీ గుళ్లూ మసీదూ ఉన్నాయి, బాబయ్య దర్గా ఉంది. ఆ దర్గా ఉరుసుకు అన్ని కులాలవారూ, మతాలవారూ వెళ్తారు.

ఇందులో మనకున్న పని ఏమిటంటారా? పెద్ద కథ ఒకటి పైనుండి వచ్చి కూర్చున్నప్పుడు, పక్కింటివానిని గూర్చి మన ఇంట్లో ఉన్న సొంత జ్ఞాపకం కూడా దానికి తగినట్టు మారిపోతుంది. కాన్పు వేళ బండి కట్టిన పొరుగువాడు మరపుకు వస్తాడు, 400 ఏళ్ల క్రిందటి శత్రువు గుర్తుకు వస్తాడు. ఇంటి జ్ఞాపకాన్ని కాపాడుకోవడం పొరుగువానిని కాపాడుకోవడమే.

అడిగేవానిని బట్టి జవాబు

గుత్తి కోట పేరు వింటే మన సీమవారికి మురారిరావు ఘోర్పడే గుర్తుకొస్తాడు. హైదరాలీ 1776లో గుత్తిని పట్టుకొన్నాడు. అంత ఎత్తయిన కోట లొంగిపోవడానికి కారణం కత్తి కంటే దాహమని చరిత్రకారులు వ్రాశారు. ముట్టడి సాగి కోటలో నీళ్లు అయిపోవచ్చాయి. మురారిరావును శ్రీరంగపట్టణానికి, అక్కడనుండి కబ్బాళదుర్గానికి తీసికొనిపోయారు. ఆయన అక్కడే చనిపోయాడు. యుద్ధం జ్ఞాపకం కూడా ఈ నేలలో నీళ్ల జ్ఞాపకంగానే మిగిలింది.

మైసూరు యుద్ధాలు ముగిసిన తరువాత, 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. మైసూరు యుద్ధాల్లో స్వయంగా పాల్గొన్న కాలిన్ మెకంజీ అనే దొర ఆ తరువాత ఈ ప్రాంతాల సర్వే చేయిస్తూ, ఊరూరి చరిత్రలు సేకరింపజేశాడు. ఆయనకు కుడిభుజంగా పనిచేసినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరులు. బొర్రయ్య 1803లోనే చనిపోగా తక్కిన సోదరులు పని సాగించారు. కరణాలు తమ దండకవిలెలు విప్పి, తాతలు చెప్పిన మాటలు కలిపి చెప్పగా వ్రాసినవే కైఫీయతులు. ఏ దండు ఎప్పుడు వచ్చింది, ఏ ఊరు పాడైంది, తిరిగి ఎవరు కట్టారు అన్న సంగతులు వాటిలో ఉన్నాయి.

అవి లేకుంటే మన పల్లెల చరిత్ర సగం పోయేది. అయినా ఒక్క మాట గమనించాలి. అడుగుతున్నది సర్కారు మనిషి. చెప్తున్నది కరణం. కాబట్టి మాన్యాలు, పన్నులు, హక్కులు, సరిహద్దుల సంగతి ఎక్కువగా నిలిచింది. దండు వచ్చిన రాత్రి పిల్లలను ఎత్తుకొని గుట్టలెక్కిన తల్లిని అడిగినవారు లేరు. అడగని జ్ఞాపకం కాగితమెక్కదు.

అదే కాలంలో దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కథ ఇంకొక విధం. సిపాయిగా ఈ దేశం వచ్చి, హైదరు, టిప్పులతో యుద్ధాలు చేసినవాడు. 1800 మొదలు 1807 వరకు ఇక్కడ పాలించి, దాదాపు 80 మంది పాలెగాళ్లను అణచివేశాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో పాతిపెట్టారు. తరువాత ఆయన అస్థులను మద్రాసుకు తీసికొనిపోయారు. రైతుతో నేరుగా శిస్తు మాట్లాడినవాడని మన సీమ ఆయనను మంచివానిగా జ్ఞాపకముంచుకొంది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న కుటుంబాలుండేవి. పాలెగాళ్ల వంశాల జ్ఞాపకం మరోలా సాగింది. కర్నూలు సీమలో తిరగబడి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని పాటలు పాడేవారు బ్రదికించారు. 2019లో ఆయన మీద సినిమా వచ్చిన తరువాత పిల్లలకు ఆయన ముఖం అంటే సినిమా నటుని ముఖమే.

కడకు మన సీమ పేరు కూడా జ్ఞాపకం చేసిన పనే. 1928లో నంద్యాలలో జరిగిన సభలో, అనంతపురం కళాశాల పండితుడు చిలుకూరి నారాయణరావు గారు 'దత్తమండలాలు' అనే పేరు వద్దని 'రాయలసీమ' అనే పేరు సూచించారు. ఇచ్చివేయబడ్డవారమనే జ్ఞాపకాన్ని దించి, రాయలు ఏలిన సీమవారమనే జ్ఞాపకాన్ని తలకెత్తుకొన్నాము. 1565లో ఓడిన రాజ్యం పేరు 363 ఏళ్ల తరువాత మనకు ఇంటిపేరులాగా అయింది.

లెక్కలో ఉండి పేరులో లేనివారు

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–1918) మన దేశంనుండి 13 లక్షలకు పైగా మనుషులు సిపాయిలుగానో కూలీలుగానో పనిచేశారు. 74 వేలమంది దాకా తిరిగి రాలేదు. ఢిల్లీలోని ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. ఇరాక్‌లో బస్రా వద్ద కట్టిన స్మారకంలో ఆఫీసర్ల పేర్లు వ్రాసి, మామూలు భారతీయ సిపాయిలను సంఖ్యగా మాత్రమే చూపారు. ఈ స్మారకాలను చూచుకొనే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021 ఏప్రిలులో ఒక నివేదిక వెలువరించి, ఆసియా, ఆఫ్రికా సిపాయిలకు జరిగిన ఈ అన్యాయానికి క్షమాపణ చెప్పింది.

వంద ఏళ్ల తరువాత చెప్పిన క్షమాపణ మంచిదే. అయితే ఆ పేర్లను ఇప్పుడెవరు చెప్పగలరు? రాతిమీద లేని పేరు ఎక్కడైనా ఉంటే ఇంట్లోనే ఉండాలి. పాత ట్రంకు పెట్టెలో ఒక పతకంగానో, పింఛను కాగితంగానో, 'మా తాత తమ్ముడు మిలిట్రీలో పోయి మళ్లీ రాలేదు' అన్న ఒక్క ముక్కగానో ఉండాలి. ఊరి జ్ఞాపకం తప్పిపోయినప్పుడు దానిని సరిచేసే ఆధారం ఇంటి జ్ఞాపకమే.

ఒక పూట అన్నం

1965 యుద్ధం మాట పెద్దలను అడిగి చూడండి. లాహోరు, సియాల్‌కోట్ పేర్లు వారు రేడియోలో విన్నవి. ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానుకొమ్మని దేశాన్ని కోరారు. దేశమంతా దానిని త్యాగంగా జ్ఞాపకముంచుకొంది, అది న్యాయమే. కాని 1965లోనూ 1966లోనూ దేశంలో వానలు తప్పాయి. రోజుకు ఒక పూట సంకటి దొరకడమే గగనమైన ఇళ్లలో మానుకోవడానికి రెండవ పూట ఏది? పి.ఎల్. 480 పథకం క్రింద వచ్చిన అమెరికా గోధుమలూ, యుద్ధమూ, కరువూ కలిసి ఒకే ముద్దగా అయిన జ్ఞాపకం అటువంటి ఇళ్లది. చరిత్ర పుస్తకంలో అవి మూడు వేర్వేరు అధ్యాయాలు. అవ్వ మాటల్లో అవి ఒకే ఆకలి. అవ్వ మాటలు చరిత్రకు అడ్డు కావు, చరిత్రలో లేని పేజీని ఆమె చదివి వినిపిస్తోంది.

కల్లితండా

ఇవన్నీ పాత సంగతులని అనుకోవద్దు. పెనుకొండకు పొరుగునే ఉన్న గోరంట్ల మండలం ఒకప్పుడు అనంతపురం జిల్లాలోనిది. 2022 ఏప్రిలు నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ మండలంలోని కల్లితండా యువకుడు మురళీ నాయక్ అగ్నివీర్‌గా సైన్యంలో చేరాడు. 2025 మేలో భారత పాకిస్తానుల మధ్య కాల్పులు చెలరేగిన రోజుల్లో, మే 9న జమ్ము కాశ్మీరు నియంత్రణ రేఖ వద్ద ప్రాణం విడిచాడు. మే 11న స్వగ్రామంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మంత్రులు వచ్చారు, జనం వేలాదిగా వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, ఇంటి స్థలం, ఒక ఉద్యోగం ప్రకటించింది.

వెయ్యేళ్ల క్రిందటి నెత్తర గొడగె మళ్లీ గుర్తుకు రావడం లేదా? అదే సీమ, అదే ఏర్పాటు. ఒక ఇంటి బిడ్డను ఊరూ రాజ్యమూ తన బిడ్డగా ఒప్పుకొంటుంది. ఆ ఒప్పుకోలు అవసరం. నిరుపేదల తండాలో పుట్టినవాని పేరు దేశమంతా పలకడం చిన్న సంగతి కాదు. ఆ పలుకు లేకుంటే కన్నవారి దుఃఖానికి ఊతం ఉండదు.

అయితే వచ్చినవారు వెళ్లిపోయిన తరువాత ఏమవుతుంది? కెమెరాల ముందు పలికిన 'వీరుడు', 'అమరుడు' అనే మాటలే కొంతకాలానికి ఇంటివారి నోట కూడా వస్తాయి. అవి తప్పు మాటలు కావు. కాని ఆ మాటల క్రింద వేరొక బిడ్డ ఉంటాడు. ఏ కూర ఇష్టమో, ఎప్పుడు అలిగేవాడో, సెలవుకు వచ్చినప్పుడు ఎక్కడ కూర్చునేవాడో తల్లికి మాత్రమే తెలుసు. బిడ్డను పోగొట్టుకొన్న ఏ తల్లి అయినా అందరి ముందు ధైర్యంగా ఉండాలని ఊరు కోరితే, ఆమె తన బిడ్డను జ్ఞాపకం చేసుకొనే చోటు కోల్పోతుంది. వీరుని తల్లిగా మాట్లాడగలదు గాని, తల్లిగా ఏడ్వలేదు. అటువంటి ఇంటికి వెళ్లినప్పుడు మనం చేయదగిన మేలు ఒక్కటే. ఉపన్యాసం చెప్పకుండా కూర్చోవడం, ఆమె చెప్పేది వినడం. పదవ సారి చెప్పినా మొదటి సారి విన్నట్టే వినడం.

మన ఇళ్లలో చేయదగినవి

పాఠకులు తమ ఇళ్లలో, సంఘాల్లో ఈ చిన్న పనులు చేయవచ్చునని మా మనవి.

మొదటిది, ఇంటి పెద్దలను అడగండి. 'అవ్వా, యుద్ధమప్పుడు మీరేమి తిన్నారు? జేజీ, మన ఇంట్లో ఎవరైనా మిలిట్రీకి పోయారా? వారి పేరేమి?' అని పిల్లల చేతనే అడిగించండి. సెల్‌ఫోనులో రికార్డు చేయండి, నోటు పుస్తకంలో కూడా వ్రాయండి. ఫోను పాడవుతుంది, పుస్తకం ట్రంకు పెట్టెలో ఉంటుంది. పెద్దలు సంవత్సరం తప్పు చెప్పినా నడుమ ఆపి దిద్దకండి. చెప్పినది చెప్పినట్టు వ్రాసి, సరియైన సంవత్సరాన్ని ప్రక్కన వేరుగా వ్రాసుకోండి.

రెండవది, ఆడవారిని విడిగా అడగండి. మగవారు దండుల సంగతి చెప్తారు, ఆడవారు పొయ్యి సంగతి చెప్తారు. రెండూ కలిస్తేనే నిజం పూర్తి అవుతుంది.

మూడవది, మీ సంఘపు పాత రిజిస్టర్లు తెరచి చూడండి. పెండ్లి, బాప్తిస్మము, భూస్థాపన పట్టికల్లో 'సిపాయి' అని వ్రాసిన పేర్లు దొరికితే విడిగా వ్రాసుకోండి. మీ పొలిమేరలో బొమ్మల రాయి ఏదైనా పడియుంటే దానిని కదిలించక, పగులగొట్టనివ్వక, పురావస్తు శాఖవారికో దగ్గరి కళాశాల చరిత్ర అధ్యాపకులకో తెలియజేయండి.

నాల్గవది, పొరుగువారి జ్ఞాపకాన్ని కూడా వినండి. పక్క వీధిలోని సాహెబు గారి ఇంట్లో, తండాలో, ఎస్సీ కాలనీలో అదే యుద్ధాన్ని, అదే కరువును ఎలా చెప్పుకొంటున్నారో తెలిస్తే, మనకు పైనుండి వచ్చిన పెద్ద కథలో ఏది నిజమో ఏది కల్పనో మనమే తేల్చుకోగలం.

హేమావతి కాలపు వీరుల పేర్లు ఒక్కరోజులో పోలేదు. ఒక్కొక్క తరం అడగడం మానేస్తూ రాగా పోయాయి. మన ఊళ్లలో ఇంకా పేరు తెలిసినవారున్నారు. చాలామందికి ఎనభై దాటింది. వారిని అడగడానికి డబ్బు అక్కరలేదు, చదువు అక్కరలేదు, ఒక సాయంత్రం చాలు.